స్కాన్ బాగున్నంత మాత్రాన మెదడు కోలుకున్నట్లు కాదు
కొత్తగా కళాశాలలో చేరే విద్యార్థులూ, తలకు తగిలిన దెబ్బలూ

ఇంటర్మీడియట్ ముగించి, కౌన్సెలింగులో సీటు సంపాదించుకొని, హాస్టలుకు బయలుదేరవలసిన రోజుల్లోనే తలకు దెబ్బ తగిలించుకొనే విద్యార్థులు మన కుటుంబాలలో అరుదు కాదు. కొత్తగా చేతికి వచ్చిన స్కూటరు జారుతుంది. వెనుక కూర్చున్న అమ్మాయి స్పీడ్ బ్రేకర్ దగ్గర ఎగిరి పడుతుంది. మైదానంలో క్రికెట్ బంతి కణతకు తగులుతుంది. ఆసుపత్రికి తీసుకువెళ్తారు, సి.టి. స్కాన్ తీస్తారు, ‘స్కాన్ బాగుంది, భయం లేదు’ అని చెప్పి ఇంటికి పంపుతారు. ఆ మాట నిజమే. అయితే కుటుంబమూ, ఆ తరువాత కళాశాలా ఆ మాటకు చెప్పుకొనే అర్థం మాత్రం చాలాసార్లు సరికాదు. ‘ఏమీ కాలేదు’ అని అర్థం చేసుకొని, మరునాటి నుంచే ఆ బిడ్డ అందరితో సమానంగా ఉదయం నుంచి సాయంత్రం దాకా తరగతిలో కూర్చోవాలని ఆశిస్తారు.

నా అభిప్రాయం ఇది. తలకు దెబ్బ తగిలిన విద్యార్థిని చీకటి గదిలో మంచానికి కట్టిపడవేయకూడదు, పూర్తి టైంటేబుల్‌లోకి ఒక్కసారిగా నెట్టకూడదు. మెట్టు మెట్టుగా చదువులోకి తీసుకురావాలి. ఆ క్రమాన్ని వైద్యుడు కాగితంపై వ్రాసి ఇవ్వాలి, కళాశాల దానిని గౌరవించాలి. మన ప్రాంతంలో ఈ రెండూ సరిగా జరగడం లేదు.

మెదడు కుదుపులో జరిగేదేమిటి?

వైద్యులు ‘కంకషన్’ అనే దీనిని మనం మెదడు కుదుపు అని చెప్పుకోవచ్చు. మెదడు చాలా మృదువైన అవయవం. కపాలంలో మస్తిష్క మేరుద్రవంలో తేలుతూ ఉంటుంది. తల హఠాత్తుగా ఊగినా, తిరిగినా, ఆగినా లోపల మెదడు కుదుపునకు లోనవుతుంది. సన్నని నాడీ తంతువులు సాగుతాయి. నాడీకణాలలో ఉండవలసిన పొటాషియం బయటకు పోతుంది, బయట ఉండవలసిన కాల్షియం లోపలికి చేరుతుంది. వాటిని మరల యథాస్థానానికి చేర్చడానికి కణాలకు అదనపు శక్తి కావాలి. సరిగ్గా ఆ సమయంలోనే మెదడుకు రక్తప్రసరణ కొంత తగ్గుతుంది. శరీరపు బరువులో సుమారు 2 శాతమే ఉన్న మెదడు, విశ్రాంతి సమయంలో శరీరం వినియోగించే శక్తిలో సుమారు 20 శాతం తీసుకుంటుంది. అంతటి అవయవానికి అవసరం పెరిగి సరఫరా తగ్గితే ఏమవుతుందో మీరే ఊహించవచ్చు. తలనొప్పి, తల తిరగడం, వికారం, వెలుతురునూ శబ్దాన్నీ భరించలేకపోవడం, ఏకాగ్రత లేకపోవడం, మందకొడితనం, చిరాకు, నిద్రలో మార్పులు కలుగుతాయి.

సి.టి. స్కాన్ ఎముక విరిగిందో లేదో, కపాలంలో రక్తం చేరిందో లేదో చూపుతుంది. ప్రాణాలను కాపాడే పరీక్ష అది. కాని కణాల స్థాయిలో జరిగే ఈ శక్తి లోటును అది చూపలేదు. ఇంట్లో దీపాలు మినుకుమినుకుమంటున్నప్పుడు గోడలను ఫొటో తీసి ‘పగుళ్ళు లేవు’ అని చెప్పడం వంటిది. గోడలు బాగున్నందుకు సంతోషించాలి, దీపాల సంగతి వేరుగా చూడాలి.

స్పృహ తప్పితేనే మెదడుకు దెబ్బ తగిలినట్లు అనుకోవడం మరొక పొరపాటు. కంకషన్ కలిగిన వారిలో ఎక్కువమందికి స్పృహ తప్పదు.

ముందుగా ప్రమాద సూచనలు

ఈ క్రింది లక్షణాలలో ఏ ఒక్కటి కనిపించినా, మొదటి స్కాన్ బాగున్నా సరే, వెంటనే 108కు ఫోను చేసి గాని, మరే విధంగా గాని అత్యవసర విభాగానికి చేరాలి.

తలనొప్పి గంటగంటకూ పెరగడం. పదే పదే వాంతులు కావడం. మగత పెరిగి, లేపినా సరిగా లేవకపోవడం. మూర్ఛ రావడం. మాట తడబడడం. కాలు గాని, చేయి గాని బలహీనం కావడం. రెండు కనుపాపల పరిమాణంలో తేడా కనిపించడం. ముక్కు నుంచి గాని, చెవి నుంచి గాని రక్తమో, నీరు వంటి ద్రవమో కారడం. మనుషులను గుర్తుపట్టలేకపోవడం, వింతగా ప్రవర్తించడం.

మొదటి రెండు రోజులు విద్యార్థిని ఒంటరిగా ఉంచకూడదు. ‘దెబ్బ తగిలిన రాత్రి నిద్రపోనివ్వకూడదు’ అని పెద్దలు అంటూ ఉంటారు. వైద్యుడు పరీక్షించి ఇంటికి పంపిన తరువాత నిద్ర మంచిదే. వైద్యుడు సూచిస్తే రాత్రి ఒకటి రెండుసార్లు లేపి, సరిగా మాట్లాడుతున్నదీ లేనిదీ చూస్తే చాలు.

కళాశాల తొలి రోజులే ఎందుకు కష్టం?

నాకు తెలిసిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను. ఇంజనీరింగ్ తరగతులు మొదలవడానికి వారం రోజుల ముందు అన్నయ్య స్కూటరు వెనుక ఒకవైపుకు కూర్చొని వెళుతూ పడిపోయింది. తల వెనుక భాగం నేలకు తగిలింది. స్కాన్ బాగుంది. మూడు రోజులకు ఇంట్లో తిరగసాగింది. వారానికి హాస్టలుకు పంపారు. అక్కడ నలుగురున్న గది, రాత్రి ఒంటిగంట దాకా వెలిగే ట్యూబులైటు, పళ్ళేల చప్పుడుతో మారుమోగే మెస్సు. తరగతిలో గంటల తరబడి ప్రొజెక్టరు తెర. అంతవరకు తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లకు పాఠమంతా ఇంగ్లీషులో. ఆరోగ్యంగా ఉన్న మెదడుకే అది పెద్ద శ్రమ. పదిహేను నిమిషాలు బోర్డు చూసేసరికి అక్షరాలు కదులుతున్నట్లు, తల పగిలిపోతున్నట్లు అనిపించేదట. తలవాల్చుకొని కూర్చుంటే అధ్యాపకుడు లేపి నిలబెట్టాడు. గదిలో పడుకుంటే వార్డెను ఇంటికి ఫోను చేసి ‘మీ అమ్మాయికి చదువు మీద ధ్యాస లేదు’ అన్నది. తండ్రి ‘స్కాన్ బాగుంది కదమ్మా’ అని మందలించాడు. తల్లి దిష్టి తీయించింది. నెల గడిచేసరికి ఆ అమ్మాయే నమ్మసాగింది, తనకు తెలివి లేదని, ఈ చదువుకు తాను తగనని.

ఆమెను నా వద్దకు తీసుకువచ్చినప్పుడు నేను చేసిన చికిత్సలో మందుల పాలు చాలా తక్కువ. ఆమె మాట పూర్తిగా విన్నాను. ‘నీ తెలివికి ఏమీ కాలేదు. నీ మెదడుకు దెబ్బ తగిలింది, అది కోలుకుంటోంది, ఇంకా పూర్తిగా కోలుకోలేదు’ అని తండ్రి ఎదుట చెప్పాను. కళాశాలకు ఒక ఉత్తరం వ్రాశాను. ఆ సెమిస్టరులో ఒక సబ్జెక్టు మిగిలిపోయినా తరువాత పూర్తి చేసుకున్నది. కాని ఆ ఉత్తరం మొదటి వారంలోనే ఆమె చేతిలో ఉండి ఉంటే, ఒక నెల రోజుల అవమానం తప్పేది.

విశ్రాంతి ఎంత?

ఒకప్పుడు వైద్యులు లక్షణాలు పూర్తిగా పోయేదాకా పుస్తకం ముట్టవద్దు, గది దాటవద్దు అని చెప్పేవారు. ఇప్పుడు ఆ అభిప్రాయం మారింది. 2015లో అమెరికాలో 11 నుంచి 22 సంవత్సరాల వయస్కులపై జరిగిన ఒక పరిశోధనలో, ఐదు రోజుల కఠిన విశ్రాంతి తీసుకున్నవారు ఒకటి రెండు రోజుల విశ్రాంతి తీసుకున్నవారి కంటే త్వరగా కోలుకోలేదు. పైగా ఎక్కువ లక్షణాలు చెప్పారు. పడుకొని తన తలనొప్పినే గమనించుకుంటూ ఉన్న మనిషికి తలనొప్పి పెద్దదిగానే కనిపిస్తుంది.

ఫోను విషయం వేరు. 2021లో ప్రచురితమైన మరొక పరిశోధనలో, మొదటి 48 గంటలు తెరలకు దూరంగా ఉన్న యువకుల లక్షణాలు మధ్యస్థంగా మూడున్నర రోజులలో తగ్గాయి. తెరలు చూసినవారికి ఎనిమిది రోజులు పట్టింది. విశ్రాంతి పేరుతో మంచంపై పడుకొని రోజంతా ఫోను చూడడం విశ్రాంతి కాదని దీనిని బట్టి గ్రహించాలి.

2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సు నిపుణులు ఈ విషయాలన్నీ పరిశీలించి, మొదటి 24 నుంచి 48 గంటలు సాపేక్ష విశ్రాంతి, ఆపై క్రమంగా పెంచే శారీరక, మానసిక శ్రమ మంచివని సూచించారు. సాపేక్ష విశ్రాంతి అంటే ఇంట్లో తిరగడం, స్నానం చేయడం, కొద్దిసేపు మాట్లాడుకోవడం, నెమ్మదిగా నడవడం వంటివి చేసుకోవచ్చు. పరుగు, బరువులు, చదువు, ఫోను, బండి నడపడం మానాలి.

చదువులోకి మెట్టు మెట్టుగా

మొదటి మెట్టు ఇంటి వద్ద. రెండు రోజుల తరువాత పది పదిహేను నిమిషాలు చదవడం, కొంతసేపు ఆగడం, మరల చదవడం. ఓర్చుకోగలిగిన కొద్దీ సమయం పెంచాలి.

రెండవ మెట్టు, ఇంటి వద్దనే ముప్పావు గంట, గంట చదవగలగడం. ఒక పీరియడు పాఠం వినడానికి అంత ఓపిక కావాలి.

మూడవ మెట్టు, పూట బడి. ఉదయం గాని, మధ్యాహ్నం గాని రెండు మూడు పీరియడ్లు. మధ్యలో నిశ్శబ్దంగా ఉన్న చోట విరామం. ప్రొజెక్టరుకు దగ్గరగా కాక, కిటికీ వెలుగు కంట్లో పడని చోట కూర్చోవాలి. నోట్సు తోటి విద్యార్థి వద్ద తీసుకోవచ్చు.

నాలుగవ మెట్టు, పూర్తి దినం. పరీక్షలూ, రికార్డులూ చివరగా.

పై మెట్టు ఎక్కవచ్చునో లేదో తెలుసుకోవడానికి ఒక సులభమైన కొలత ఉన్నది. మీ బాధకు సున్నా నుంచి పది వరకు మార్కులు వేసుకోండి. పని మొదలు పెట్టేముందు మూడు ఉన్నదనుకోండి. పని చేస్తుండగా ఐదుకు పెరిగి, ఆపిన తరువాత గంటలోపు మూడుకు దిగితే భయపడనక్కరలేదు, కొనసాగించవచ్చు. రెండు మార్కులకు మించి పెరిగినా, గంట దాటినా తగ్గకున్నా ఆ నాటికి చాలునని ఆపి, మరునాడు క్రింది మెట్టు నుంచి మొదలు పెట్టాలి. లక్షణాలు సున్నా అయ్యేదాకా ఆగనవసరం లేదు. లక్షణాలను లెక్కచేయకుండా ముందుకు పోనూ కూడదు.

ఎక్కువమంది రెండు మూడు వారాలలో, మిగిలినవారిలో చాలామంది ఒకటి రెండు నెలలలో కోలుకుంటారు. నాలుగు వారాలు దాటినా లక్షణాలు బాధిస్తూ ఉంటే నాడీవైద్య నిపుణులను కలవాలి. మెడ కండరాల నొప్పి, లోపలి చెవి సమతుల్యత లోపం, రెండు కళ్ళూ దగ్గరి అక్షరాలపై కుదరకపోవడం, పార్శ్వపు తలనొప్పి, ఆందోళన, దిగులు వంటివి వెతికితే దొరుకుతాయి, వేటికి వాటికి చికిత్స ఉన్నది.

ఆటలు చదువు తరువాతే. పూర్తిగా తరగతులకు హాజరవుతూ, వైద్యుడు అనుమతించిన తరువాతనే మైదానానికి వెళ్ళాలి. కోలుకోని మెదడుకు మరల దెబ్బ తగిలితే కోలుకోవడం ఆలస్యమవుతుంది, అరుదుగా ప్రాణాపాయమూ కలుగుతుంది. తల తిరగడం పోయి, చురుకుదనం తిరిగి వచ్చేదాకా ద్విచక్రవాహనం నడపరాదు. కొత్త స్నేహితుల విందులలో మద్యం ముట్టరాదు.

మందుల గురించి

కంకషన్‌ను త్వరగా నయం చేసే మందు ఇంతవరకు లేదు. తలనొప్పికి వైద్యుని సలహాపై పారాసిటమాల్ తీసుకోవచ్చు. మొదటి రోజులలో ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి స్వంతంగా వాడకూడదు. పారాసిటమాల్ అయినా నెలలో పదిహేను రోజులు, ఆపైన వాడుతూ పోతే ఆ మందుల వలననే తలనొప్పి కలగవచ్చు. ‘మెదడు బలానికి’ అని వ్రాసే మాత్రలపై కుటుంబాలు వేల రూపాయలు ఖర్చు చేయడం చూస్తూనే ఉన్నాను. అటువంటి వాటిలో ఒకటైన సిటికోలిన్‌ను అమెరికాలో తలకు గాయాలైన 1,213 మందిపై పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవారి కంటే వారు మెరుగుగా కోలుకోలేదు. ఆ డబ్బుతో ఒక మంచి హెల్మెట్టు కొనుక్కోవచ్చు.

హాజరు లెక్క

తల్లిదండ్రులు బిడ్డను తొందరపెట్టడానికి ముఖ్యకారణం హాజరు భయం. కాబట్టి లెక్క చూద్దాం. జె.ఎన్.టి.యు. నిబంధనలలో సెమిస్టరు పరీక్ష వ్రాయడానికి మొత్తం మీద 75 శాతం హాజరు కావాలి. 65 నుంచి 75 శాతం మధ్య ఉన్నవారికి వైద్య కారణాలపై మినహాయింపు ఇచ్చే వీలున్నది. సెమిస్టరులో 16 వారాల బోధన ఉంటుందనుకుందాం. విద్యార్థి మొదటి వారమంతా మాని, తరువాత రెండు వారాలు ఒక పూట మాత్రమే వెళ్ళాడనుకోండి. పీరియడ్ల లెక్కన పోయినది రెండు వారాలు, అనగా 12.5 శాతం. ఇంకా 87.5 శాతం చేతిలో ఉన్నది. మినహాయింపు అవసరం కూడా రాదు. తొందరపడి మొదటి రోజే పూర్తి భారం ఎత్తుకొని, నెలల తరబడి తలనొప్పితో ఒక రోజు వెళ్ళి రెండు రోజులు మానేవారికే హాజరు చాలకుండా పోతుంది. ఓపిక పట్టడం ఇక్కడ లెక్కకు కూడా లాభమే.

ఇంజనీరింగ్ కళాశాలలలో మొదట మూడు వారాల పరిచయ కార్యక్రమం జరపాలని సాంకేతిక విద్యామండలి సూచించింది. కోలుకొనే విద్యార్థికి అది మంచి అవకాశం. ఉపన్యాసాల హాలులో మైకుల హోరు మధ్య కూర్చోబెట్టే బదులు, ఆ వారాలలో పూట హాజరుకు అనుమతించవచ్చు.

‘ఒకరికి ఇస్తే అందరూ సర్టిఫికెట్లు తెస్తారు’ అని అధ్యాపకులు అంటారు. వారి అనుమానం నిరాధారం కాదు. డబ్బిస్తే సర్టిఫికెట్టు దొరుకుతుందనే పేరు మా వృత్తికి ఉన్నది, ఆ పేరు ఊరకే రాలేదు. అందుకే ‘రెండు వారాలు విశ్రాంతి అవసరం’ అనే ఒక్క వాక్యపు కాగితం చాలదు. దెబ్బ తగిలిన తేదీ, పరీక్షలో కనబడిన లక్షణాలు, మొదటి వారం ఎన్ని గంటలు, రెండవ వారం ఎన్ని గంటలు, ఏవి మినహాయించాలి, మరల ఎప్పుడు పరీక్షిస్తారు అనేవి వైద్యుడు వ్రాయాలి. గడువు తేదీ ఉన్న ఉత్తరాన్ని దుర్వినియోగం చేయడం కష్టం. బద్ధకస్తుడు ‘రోజుకు మూడు పీరియడ్లు వస్తాను’ అనే ఉత్తరం కోరడు, పూర్తి సెలవే కోరుతాడు.

క్రికెట్ చూసే మీకు ఒక విషయం గుర్తుండవచ్చు. 2019 నుంచి అంతర్జాతీయ క్రికెట్ మండలి, కంకషన్ కలిగిన ఆటగానికి బదులు మరొకరిని ఆడించడానికి అనుమతిస్తున్నది. 2020 డిసెంబరులో కాన్‌బెర్రాలో జరిగిన టి20లో రవీంద్ర జడేజా హెల్మెట్టుకు బంతి తగలగా, అతనికి బదులు చాహల్ బౌలింగ్ చేసి మూడు వికెట్లు తీసుకున్నాడు. పైకి గాయం కనబడకపోయినా మెదడుకు దెబ్బ తగలవచ్చునని ఆటస్థలం అంగీకరించింది. మెదడుతోనే పని చేయవలసిన తరగతి గది ఇంకా అంగీకరించలేదు. తరగతి గదిలో బదులు ఆటగాడు కూడా ఉండడు.

తల్లిదండ్రులకూ, విద్యార్థికీ

కాలికి కట్టు ఉంటే బస్సులో సీటు ఇస్తారు. మెదడుకు కట్టు కనిపించదు. కాబట్టి మీ బిడ్డ చెప్పే మాటే మీకు కనిపించే కట్టు. ‘చదవలేకపోతున్నాను’ అన్నప్పుడు ‘నటిస్తున్నావా?’ అనకండి. ఎంతసేపు చదవగలుగుతున్నావని అడగండి. దూరమైతే మొదటి రెండు వారాలు ఒకరు వెంట వెళ్ళి దగ్గర ఉండే ఏర్పాటు చూడండి. వార్డెనుకూ, గదిలోని సహవాసులకూ సంగతి చెప్పండి.

విద్యార్థికి ఒక మాట. నిద్రా సమయం మార్చవద్దు. రోజూ కొంత నడవండి. దిగులు మాటిమాటికీ కమ్ముకుంటున్నా, బ్రతుకుపై విరక్తి కలుగుతున్నా దాచుకోకండి. అది కూడా ఈ గాయపు లక్షణం కావచ్చు. ప్రభుత్వపు టెలి మానస్ సహాయ సంఖ్య 14416కు ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

చివరిగా, ద్విచక్రవాహనాలపై వెళ్ళేవారు హెల్మెట్టు ధరిస్తే తలకు గాయమయ్యే ప్రమాదం సుమారు 69 శాతం తగ్గుతుందని పలు పరిశోధనలను కలిపి చూసిన సమీక్ష తేల్చింది. చట్టం నడిపేవారితో పాటు వెనుక కూర్చున్నవారికీ హెల్మెట్టు విధించింది. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నది కొని, గడ్డం క్రింద పట్టీ బిగించి పెట్టుకోండి. ఈ సంవత్సరం మీ ఇంటి నుంచి కళాశాలకు వెళ్ళే బిడ్డకు పెట్టెతో పాటు అదీ ఇచ్చి పంపండి. అప్పటికీ దెబ్బ తగిలితే, వైద్యుణ్ణి స్కాన్ ఫలితం అడిగి ఊరుకోకండి. ‘చదువు ఎప్పుడు, ఎంతతో మొదలు పెట్టాలో వ్రాసి ఇవ్వండి’ అని అడిగి, ఆ కాగితం తీసుకొని ఇంటికి రండి.